ఎనిమిదో తరగతిలో రైలుబండి

జమున టీచర్ చేతిలో ఎన్నడూ బెత్తం లేదు. దాని అవసరం ఆమెకు పడలేదు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఎనిమిదో తరగతి గదిలో ఫ్యాను తిరిగే శబ్దం తప్ప మరొకటి మిగిలేది కాదు.

అబిడ్స్‌కూ నాంపల్లికీ మధ్య, జిరాక్సు కొట్లూ టైలరు షాపులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండే ఒక సందులో ఉంది ఆ ఆడపిల్లల హైస్కూలు. గాలి ఇటు తిరిగినప్పుడు నాంపల్లి స్టేషన్‌లో రైళ్ళ పేర్లు చదివే గొంతు కిటికీలోంచి లోపలికి వచ్చేది. మిగతా టీచర్లు ఆ గొంతు ఆగేదాకా పాఠం ఆపేవాళ్ళు. జమున టీచర్ ఆపేది కాదు. ఆమె లెక్క మొదలుపెడితే జవాబు చుట్టూ డబ్బా గీసేదాకా చాక్‌పీసు ఎక్కడా తడబడదు. బోర్డు మీద ఆమె రాసింది తుడిచి మళ్ళీ రాయడం ఆ బడిలో ఎవరూ చూడలేదు. జమున టీచర్ లెక్క తప్పిన రోజున మొజంజాహీ మార్కెట్ గడియారం ఎనక్కి తిరుగుతదని పిల్లలు చెప్పుకునేవాళ్ళు.

దాని వెనక ఉన్న కష్టం పిల్లలకు తెలియదు. మరుసటి రోజు చెప్పబోయే ప్రతి లెక్కనూ ఆమె ముందు రోజు సాయంత్రమే ఇంట్లో చేసి చూసుకునేది. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠమైనా సరే. భర్త సురేందర్ గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో పని చేస్తాడు. నెమ్మదస్తుడు, నవ్వు మనిషి. వచ్చిన లెక్కనే మళ్ళీ మళ్ళీ ఎందుకు చేస్తావని మొదట్లో అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. కొందరికి తులసికోట చుట్టూ తిరగడం ఎట్లాగో ఈమెకు ఇది అట్లాగని సరిపెట్టుకున్నాడు.

జమున సొంతూరు జనగామ దగ్గర. తండ్రి రాజమల్లు గొర్లు కాసేవాడు. ఆమె ఏడో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల సారు బోర్డు దగ్గరికి పిలిచాడు. లెక్క సగం దాకా బాగానే వచ్చింది, చివర్లో ఒక చోట తీసివేత తప్పింది. సారు సుద్దముక్క లాక్కుని, గొర్లు లెక్కబెట్టేటంత వస్తే సాలు నీకు, పోయి కూసో అన్నాడు. గది గదంతా నవ్వింది. ఆ పిల్ల వెళ్ళి కూర్చుంది, ఏడవలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంకొకరి ముందు తప్పు చేయడమన్నది తన బతుకులో ఉండకూడదని గట్టిగా పట్టుబట్టింది. హాస్టళ్ళలో ఉండి చదివింది, హైదరాబాద్ వచ్చింది, లెక్కల టీచరయింది. పట్టిన పట్టు ఇన్నేళ్ళూ నిలబెట్టుకుంది.

అట్లాంటి మనిషి దగ్గరికి వచ్చింది గుడ్లగూబ.

ఆ ఏడు బడికి ఎవరో దాతలు కొన్ని ట్యాబ్‌లు ఇచ్చారు. హెడ్మాస్టరు శ్రీపతి గారికి ఫొటోలంటే ప్రాణం. ట్యాబ్‌లు అందుకుంటున్న ఫొటో, ట్యాబ్‌లు పంచుతున్న ఫొటో, ట్యాబ్ చేత్తో పట్టుకుని దూరంగా ఆకాశంలోకి చూస్తున్న ఫొటో తీయించుకున్నాక, వాటితో ఏం చేయాలో చూడమని కొత్తగా చేరిన మనస్విని మేడంకి అప్పజెప్పాడు. మనస్విని బషీర్‌బాగ్‌లో చదువు ముగించి వచ్చిన పిల్ల. కంప్యూటరు చెబుతుంది, లెక్కలూ వచ్చు. ఆమె వాటిలో 'అంకెలగూడు' అనే ఆటల యాప్ వేసింది. అందులో పొడుపులూ చిక్కుముడులూ లెక్కల పందేలూ ఉంటాయి. జవాబు సరైతే ఒక గుడ్లగూబ రెక్కలు విప్పి గిరగిరా తిరుగుతుంది. తప్పయితే రెక్కలతో కళ్ళు మూసుకుని 'టుయ్‌య్‌య్' అని జారిపోయే గొంతుతో మూలుగుతుంది.

మొదటి రోజు తెర మీద వేసి అందరికీ చూపించాలని, ఎనిమిదో తరగతి పిల్లలందరినీ పెద్దగదిలో కూర్చోబెట్టారు. మొదటి చిక్కుముడి మీరే విప్పాలి మేడం అని మనస్విని అభిమానంగానే అడిగింది. జమున టీచర్ లేచి నిలబడింది. తెర మీద లెక్క వచ్చింది. ఒక గోడగడియారం ఆరు గంటలు కొట్టడానికి అయిదు సెకన్లు పడుతుంది. పన్నెండు గంటలు కొట్టడానికి ఎన్ని సెకన్లు? పక్కనే ఎర్ర ముల్లు ఒకటి గబగబా తిరుగుతోంది, సమయం అయిపోతోందని.

ఆమె ఇంతకుముందు ఇంట్లో చేసి చూసుకోని లెక్క ఇది. ముల్లు తిరుగుతోంది. పిల్లలందరూ చూస్తున్నారు. ఆరుకు అయిదయితే దానికి రెట్టింపుకు పది. ఏళ్ళ తరబడి తాను చెప్పిన అనుపాతమే. "పది" అంది.

గుడ్లగూబ కళ్ళు మూసుకుంది. టుయ్‌య్‌య్.

 కిటికీ పక్కనుంచి ఫక్కుమని నవ్వు వినబడింది. లహరి నవ్వు. లహరి వాళ్ళ నాన్న సుల్తాన్ బజార్‌లో చీరల కొట్లో పని చేస్తాడు. ఈ పిల్లకు మార్కులు అంతంత మాత్రం, నోరు మాత్రం నిండు. దానితో పాటు మిగతా అందరూ నవ్వారు. ఎవరో గడియారం ఎనక్కి తిరిగింది అని గుసగుసలాడారు, అది జమున టీచర్ చెవిన పడనే పడింది.

 ఆమె వెళ్ళి ప్రొజెక్టరు స్విచ్చు తీసింది. లెక్కలంటే ఆటలు కాదని, ఇక క్లాసుకు పొమ్మని పిల్లలతో చెప్పింది. ట్యాబ్‌లన్నీ తన క్లాసు బీరువాలో పెట్టించి తాళం వేసి, తాళం చెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. శ్రీపతి గారు అడ్డు చెప్పలేదు. ఆయన ఫొటోలు ఆయనకు వచ్చేశాయి.

బడి మెట్లు దిగేలోపే ఆమెకు జవాబు దొరికింది. ఆరు గంటల మధ్య ఉండే ఖాళీలు అయిదే. పన్నెండు గంటల మధ్య ఖాళీలు పదకొండు. అంటే పదకొండు సెకన్లు. ఇంత సుళువుదా అని తన మీద తనకే మంట పుట్టింది. ఇంటికి వెళ్ళి చాయ్ పెట్టి, ఏమీ ఎరగనట్టు అదే లెక్క సురేందర్‌ను అడిగింది. ఆయన పది అన్నాడు. ఆమె ప్రాణం కొంచెం కుదుటపడింది. అంతలో ఆయన చెంచాతో బల్ల మీద టక్ టక్ అని కొట్టి చూసి, కాదు కాదు, పదకొండు అన్నాడు. ఆ రోజు ఆయనకు రెండో కప్పు చాయ్ దొరకలేదు.

మర్నాడు పొద్దున పాలు పొంగడం కోసం పొయ్యి దగ్గర నిలబడి, ఆ యాప్‌ను తన ఫోనులో దించుకుంది. శత్రువు ఎట్లా ఉంటాడో తెలుసుకోవాలి కదా అని తనకు తానే నచ్చజెప్పుకుంది. యాప్ బడి కోడ్ అడిగితే నిన్న తెర మీద చూసింది కొట్టింది, తరగతి అడిగితే ఎనిమిది నొక్కింది. ఆటలో ఏ పేరు పెట్టుకుంటారని యాప్ మళ్ళీ అడిగింది. తన పేరు రాయడానికి చేతులు రాలేదు. అప్పుడే నాంపల్లి స్టేషన్ వైపు నుంచి, ఇంటి దాకా వినబడేటట్టు ఏదో బండి కూత వేసింది. 'రైలుబండి' అని రాసింది.

మొదటి చిక్కుముడి తప్పింది. గుడ్లగూబ మూలిగింది. ఆమె చుట్టూ చూసింది. పాలగిన్నె తప్ప ఎవరూ లేరు. రెండోది తప్పింది. మూడోది కొంచెం ఆలోచించి చేస్తే వచ్చింది, గుడ్లగూబ గిరగిరా తిరిగింది. ఎవరూ చూడని చోట తప్పడం ఇంత తేలికగా ఉంటుందని ఆమెకు ఆ వయసులో తెలిసింది. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా ఆమె తల ఎత్తలేదు.

అప్పటినుంచి రోజూ కొంచెం కొంచెం మొదలైంది. పొద్దున పొయ్యి దగ్గర ఒకసారి, పీరియడు ఖాళీ ఉంటే స్టాఫ్‌రూమ్ మూలన ఒకసారి, సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఒకసారి. ఇంట్లో చేసి చూసుకునే లెక్కలు మెల్లగా తగ్గిపోయాయి. ఒకటి రెండు సార్లు క్లాసులో లెక్క మొదలుపెట్టి, దారి ఎటు పోతుందో తెలియకుండానే చేసుకుంటూ పోయింది. చివరికి జవాబు వచ్చింది. ఎవరికీ తెలియని ఆనందం ఒకటి మనసులో గంతులేసింది.

పిల్లలు మాత్రం బీరువా తాళానికి ఆగలేదు. మనస్విని కంప్యూటరు పీరియడులో పాత కంప్యూటర్ల మీద, ఇండ్లలో అమ్మానాన్నల ఫోన్లలో ఆడుతూనే ఉన్నారు. యాప్‌లో క్లాసుకొక బోర్డు ఉంటుంది. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో అందులో పేర్లతో సహా కనబడుతుంది. ఆ క్షణాన ఆడుతున్నవాళ్ళ పేరు పక్కన పచ్చ దీపం వెలుగుతుంది. ఒక చిక్కుముడి విప్పినవాళ్ళు, విప్పలేక అవస్థ పడేవాళ్ళకు కింద ఒక క్లూ రాసిపెట్టవచ్చు. ఆ బోర్డు మీద ఎవరికీ తెలియని రైలుబండి ఒకటి కింది నుంచి మెట్టు మెట్టుగా పైకి రావడం పిల్లల కంటబడింది.

ఇక చూడండి సంబరం. రైలుబండి తొమ్మిదో తరగతి ఫస్టు పిల్ల అని కొందరన్నారు. పక్క బడి నుంచి ఎవరో దొంగతనంగా దూరారని కొందరన్నారు. శ్రీపతి సారే అయి ఉంటాడని ఒక పిల్ల అంటే, సారుకు ఫోనులో ఫొటోలు తప్ప ఇంకేమీ రావని ఇంకొకతె కొట్టిపారేసింది. జమున టీచర్ లెక్కల నోటుబుక్కులు దిద్దుతున్నట్టు తల వంచుకుని ఇవన్నీ వినేది. తొందరపడితే రాదు, నిమ్మళంగ చూడు, బొమ్మ గీసుకో అని రైలుబండి రాసిన క్లూను పిల్లలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటుంటే, ఆమెకు నవ్వు బిగబట్టడం కష్టమయ్యేది.

ఈ సరదాలో ఒక ముల్లు మాత్రం గుచ్చుకుంది. అక్షిత అని ఒక పిల్ల. వెనక బెంచీలో కూర్చుంటుంది, నోరు విప్పదు. బోర్డు మీద మాత్రం ఆ పేరు అందరికంటే పైన ఉంది. జమున టీచర్ మొదట సంతోషపడింది. తర్వాత బోర్డు జాగ్రత్తగా చూస్తే విషయం తెలిసింది. ఏ లెక్కకు ఎన్నిసార్లు ప్రయత్నించారో కూడా యాప్ చూపిస్తుంది. అక్షిత ప్రతి లెక్కకూ ఇచ్చిన జవాబులన్నిటినీ వరసబెట్టి నొక్కుతోంది. ఏదో ఒకటి సరవుతుంది, గుడ్లగూబ తిరుగుతుంది, మెట్టు ఎక్కుతుంది. లెక్క మాత్రం తలకెక్కదు. క్లాసులో అదే రకం లెక్క ఇస్తే ఖాళీ కాగితం ఇచ్చింది.

ఈ సంగతి ఆ పిల్లతో మాట్లాడాలి. కానీ ఎట్లా మాట్లాడుతుంది? నీకెట్లా తెలుసు టీచర్ అంటే ఏం చెప్పాలి? బీరువాకు తాళం వేసింది తాను, లెక్కలు ఆటలు కావని చెప్పింది తాను. జమున టీచర్‌కు తెలియనిది రైలుబండికి తెలుసు, రైలుబండి నోరు విప్పడానికి లేదు. దసరా సెలవులు పోయాయి, హాఫియర్లీ పరీక్షలు వచ్చాయి, ఆమె ఆ ముల్లును మోస్తూనే ఉంది.

పరీక్షల పేపర్లన్నీ దిద్ది ఇచ్చిన మర్నాడు, చాలా రోజుల తర్వాత పొద్దున్నే ఫోను తీసింది. తాను విప్పలేక వదిలేసిన చిక్కుముడి కింద కొత్త క్లూ ఉంది. రాసింది లహరి.

"రైలుబండి గారూ, మీరెవరో నాకు ఎర్కైంది. ఎవ్వరికీ చెప్పలే. గీ లెక్క నాకు వచ్చింది, మీకు రాలే. మీకొచ్చినవి నాకు చానా రాలే. బడిల కలిసి చేసుకుందమా?"

ఉప్మా అడుగంటింది. వాసనకు సురేందర్ లోపలికి వచ్చాడు. భార్య ముఖం చూసి, ఎవరికేమైందని కంగారుగా అడిగాడు. ఆమె ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన చదివాడు. రైలుబండి ఎవరని అడిగి, జవాబు ఆమె ముఖంలో చూసి, గోడకానుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పొయ్యి దగ్గర ఇన్ని నెలలుగా జరుగుతున్న రహస్య నాటకం ఆయనకు ఇప్పుడు అర్థమైంది. ఆమె నవ్వలేదు. మళ్ళీ అదే బోర్డు ముందు నిలబడ్డట్టు ఉందని, అందరూ నవ్వుతారని, రిటైరయ్యేదాకా ఇంకా నాలుగేళ్ళు అదే బడిలో ఎట్లా పని చేసేదని అంది.

సురేందర్ నవ్వు ఆపాడు. ఆ ఏడో తరగతి సంగతి ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు.

"ఆ సారు నిన్ను పోయి కూసో అన్నడు," అన్నాడు. "గీ పిల్ల కలిసి చేసుకుందమా అంటున్నది. రెండూ ఒక్కటేనా జమునా?"

 మాడిన ఉప్మానే ఇద్దరూ తిన్నారు.

ఆ రోజు ఎనిమిదో తరగతిలోకి జమున టీచర్ వచ్చేసరికి ఎప్పటిలాగే ఫ్యాను చప్పుడు మిగిలింది. లహరి తల వంచుకుని ఉంది. రాసింది రాసేసింది గానీ, పాపం రాత్రంతా భయపడినట్టుంది. టీచర్ హ్యాండ్‌బ్యాగులోంచి తాళం చెవి తీసి బీరువా తెరిచింది. ట్యాబ్‌లు బల్ల మీద పెట్టింది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"రైలుబండి ఎవరో లహరికి తెలుసంట," అంది. "లహరీ, బోర్డు దగ్గరికి రా. పేరు ముందు చెప్పకు. ఎట్ల తెలిసిందో చెప్పు. ఒక్కొక్కటి అందరికి అర్థమయ్యేటట్టు చెప్పాలె."

లహరి లేచి వచ్చింది. చాక్‌పీసు అందుకుని ఒకసారి టీచర్ వైపు చూసింది. మొదలుపెట్టాక మాత్రం దాని నోరు దానికి తోడొచ్చింది. పరీక్షలు నడిచినన్ని దినాలు ఎవరి ఇంట్లోనూ ఆడటానికి ఫోను ఇవ్వలేదని, తాను నాన్న ఫోను దొంగచాటుగా తీసి చూస్తే బోర్డు మీద ఎవరి దీపమూ వెలగలేదని, రైలుబండి దీపం మాత్రం వెలిగిందని చెప్పింది. కాబట్టి రైలుబండికి పరీక్షలు లేవు, అంటే బడి పిల్ల కాదు. బోర్డు మీద 'పిల్ల' అని రాసి కొట్టేసింది. పరీక్షలు అయిపోయాక పిల్లలందరూ ఆటలో పడ్డారు, అప్పుడు రైలుబండి మాయమైంది. పరీక్షలయ్యాక పని ఎవరికి పెరుగుతుంది? పేపర్లు దిద్దేవాళ్ళకు. 'టీచర్' అని రాసి దాని చుట్టూ డబ్బా గీసింది, అచ్చం జమున టీచర్ గీసినట్టే. క్లాసులో చిన్న కలకలం లేచింది. గట్టి లెక్కలు వచ్చే టీచర్లు ఇద్దరే. కంప్యూటరు పీరియడులో మనస్విని మేడం తమ ముందర నిలబడి, తమ కీబోర్డు మీద చెయ్యి పెట్టి చూపిస్తున్నప్పుడే రైలుబండి దీపం వెలుగుతూ ఉండటం తాను రెండుసార్లు చూసింది. ఆ పేరూ కొట్టేసింది.

అక్కడ ఆగిపోయింది. ఇంకొక పేరు రాయడానికి దానికి ధైర్యం చాలలేదు. రాయాల్సిన పనీ లేకపోయింది. నలభై జతల కళ్ళు అప్పటికే టీచర్ మీద ఉన్నాయి.

"ఔ," అంది జమున టీచర్. "నేనే."

ఎవరూ నవ్వలేదు. అదే ఆమెకు వింతగా తోచింది.

"ఆ దినం గడియారం లెక్క నేను తప్పు చెప్పిన. మీరు నవ్విన్రు. నాకు సిగ్గయింది. గందుకే బీరువాకు తాళం వేసిన, లెక్కల మంచి కోసం కాదు." లహరి వైపు తిరిగింది. "లహరి ఇప్పుడు చేసిందే లెక్క. దీనికంటె మంచిగ నేను కూడ చెప్పలేను. నాకు రాని ఆ చిక్కుముడి ఏందో అది కూడ చెప్పు బిడ్డా, నేను కూసుంట."

అని నిజంగానే వెళ్ళి మొదటి బెంచీలో పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఇప్పుడు నవ్వారు పిల్లలు. ఆ నవ్వు తన మీద కాదన్న సంగతి ఆమెకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో మనస్వినికి చెబుదామని వెళ్తే, ఆ పిల్ల చల్లగా నవ్వింది. బడి కోడ్‌తో కొత్తవాళ్ళు ఎవరు చేరినా, చేర్చుకోవాలా వద్దా అని యాప్ ముందు తననే అడుగుతుందట. ఫోను నంబరుతో సహా. "మొదటి దినమే తెలుసు మేడం," అంది. ఎందుకు చెప్పలేదంటే, మీరు మంచిగ ఆడుతున్నరు కదా, ఎందుకు చెడగొట్టాలని అంది.

మరో పని మిగిలి ఉంది. మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక జమున టీచర్ వెనక బెంచీలో అక్షిత పక్కన కూర్చుంది. జవాబులన్నీ వరసగా నొక్కుతున్నావా అని మెల్లగా అడిగింది. అక్షిత చాలాసేపు బల్ల మీద గీతలు గీసింది. చివరికి నొక్కుతున్నానంది.

"తప్పు నొక్కితె గుడ్లగూబ ఏమనదు టీచర్. కండ్లు మూస్కుంటది, మల్ల తెరుస్తది. మిమ్ములను అడుగుదమంటె..."

 మిగతాది జమున టీచర్‌కు అర్థమైంది. తన చెప్పుల చప్పుడుకు గది ఎందుకు అంత నిశ్శబ్దమయ్యేదో ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల వైపు నుంచి చూసింది. ఆ నిశ్శబ్దాన్ని గౌరవమనుకుని మురిసిన రోజులు గుర్తొచ్చాయి.

తర్వాతి వారం నుంచి ఎనిమిదో తరగతిలో పద్ధతి మారింది. ట్యాబ్‌లు తక్కువ, పిల్లలు ఎక్కువ. తలా ఒకటి ఇవ్వలేరు గనుక నలుగురికొకటి ఇచ్చింది. ఒకరు పట్టుకోవాలి, మిగతా ముగ్గురు మాట్లాడాలి. ఎందుకు ఆ జవాబు అనుకుంటున్నారో ముగ్గురికీ మాట కుదిరితే తప్ప నాలుగో పిల్ల వేలు పెట్టకూడదు. మాట కుదరకపోతే బోర్డు దగ్గరికి వచ్చి కొట్లాడుకోవాలి. ఎర్ర ముల్లును మనస్విని ఎక్కడో ఏదో నొక్కి ఆపేసింది. మొదటివారం గోలకు కింద టైలరు షాపాయన తల బయటికి పెట్టి పైకి చూశాడు. శ్రీపతి గారు పరుగున వచ్చి, క్లాసులో టీచర్ లేదేమో అనుకున్నానన్నాడు. ఉన్నానని జమున టీచర్ చివరి బెంచీ నుంచి చెయ్యెత్తింది. ఆయన ఎట్లాగూ వచ్చాను కదా అని ఒక ఫొటో తీసుకుని వెళ్ళాడు.

అన్నీ చక్కబడ్డాయని కాదు. రెండు ట్యాబ్‌లు కింద పడి పగిలాయి, జగదీష్ మార్కెట్‌లో బాగు చేయించాల్సి వచ్చింది. నెట్టు రాని రోజుల్లో పిల్లలు అలిగారు. పరీక్షల్లో ఆటలడుగుతారా, లెక్కలడుగుతారా అని ఒక తండ్రి వచ్చి నిలదీశాడు. లెక్కలే అడుగుతారని, చూద్దాం ఉండమని ఆమె చెప్పింది. మార్చి పరీక్షల్లో కొందరికి బాగా పెరిగాయి, కొందరికి ఉన్నచోటే ఉన్నాయి. లహరికి లెక్కల్లో పెరిగి సోషల్‌లో తగ్గాయి. అక్షిత పాసయింది, గొప్పగా ఏమీ కాదు. కానీ కాగితం మాత్రం ఖాళీగా లేదు. అటు నుంచి ఇటు దాకా నింపింది, సగం కొట్టివేతలతో. ఆ కొట్టివేతలను జమున టీచర్ చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఎక్కడ తప్పిందో, తప్పిన తర్వాత ఎటు తిరిగిందో అన్నీ కనబడుతున్నాయి.

ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం, అబిడ్స్‌లో మూసిన కొట్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని అమ్ముతుంటే, సురేందర్‌తో కలిసి చూడటానికి వెళ్ళింది. జనం భుజాలు రాసుకుంటూ నడుస్తున్నారు. వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకుని లాగారు. చూస్తే అక్షిత. వాళ్ళమ్మ పక్కన కొత్తిమీర సంచితో నిలబడి దండం పెట్టింది. క్లాసులో ఏడాదంతా ఒక్క ముక్క సొంతంగా అడగని పిల్ల, నమస్తే కూడా చెప్పకుండా మొదలుపెట్టింది.

"టీచర్, నేనే ఒక లెక్క తయారు చేసిన. మూడు సంఖ్యలు. కూడినా అంతే, గుణించినా అంతే."

జమున టీచర్‌కు అది చిన్నప్పటి నుంచీ తెలిసిన లెక్కే. తెలుసని అనలేదు. కొంచెం ఆలోచించినట్టు ముఖం పెట్టి, ఒకటి, రెండు, మూడు అని చెప్పింది.

"అది కాక ఇంకోటి ఉన్నది."

ఈసారి ఆమె నిజంగానే ఆలోచించాల్సి వచ్చింది. ఎవరిదో మోచేయి తగిలింది. సురేందర్ జర పక్కకు జరుగుదామన్నాడు. ఆగుండ్రి అంది. పిల్ల పెదవి కొరుక్కుంటూ చూస్తోంది, చెప్పేస్తానేమోనని తన నోరు తానే చేత్తో మూసుకుంది. చివరికి జమున టీచర్ తెల్వదు బిడ్డా అని చేతులెత్తేసింది.

"సున్న, సున్న, సున్న," అంది అక్షిత.

ఆమెకు నవ్వాగలేదు. ఫుట్‌పాత్ మధ్యలో నిలబడి, నలుగురూ తిరిగి చూసేటట్టు నవ్వింది. అక్షిత కూడా నవ్వింది. వాళ్ళమ్మకు ఏమీ అర్థం కాకపోయినా ఆమె కూడా నవ్వింది. తర్వాత తల్లీ కూతురూ జనంలో కలిసిపోయారు.

పోస్టాఫీసు దాకా నడిచాక జమున టీచర్ టక్కున ఆగింది. మైనస్ ఒకటి, సున్న, ఒకటి. కూడితే సున్న, గుణిస్తే సున్న. ఇంకోటీ ఉంది! పిల్లకు ఇది తట్టి ఉండదు. భర్త చేతికి పుస్తకాల సంచి ఇచ్చి, ఇక్కడే ఉండమని చెప్పి, వచ్చిన దారినే జనంలోకి వెనక్కి నడిచింది. సురేందర్ వెనక నుంచి పిలిచాడు. వినిపించుకోలేదు. దూరంగా కొత్తిమీర సంచి ఒకటి కనబడుతోంది, ఆమె దాని వైపు చెయ్యి ఊపుతూ, దారి ఇయ్యుండ్రి, జర దారి ఇయ్యుండ్రి అంటూ పోతోంది.